పోశెట్టి గోలుకు రెండు సంచుల పిప్పి

ఫుట్‌బాల్ అంటే ప్రాణం అని చెప్పుకుంటారే, అది మీరు ఆడే అబద్ధం. సముద్రాల అవతల, మీరు ఒక్కసారి కూడా ఎదురుగా చూడని గోల్‌కీపర్ ఆట మానేస్తే ఫోన్లో ఏడుపు బొమ్మలు పెట్టింది మీరే. వాళ్ల మ్యాచుల కోసం అలారం పెట్టుకుని లేచేదీ మీరే. నిజామాబాద్‌కు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో, బోధన్‌లో, పద్దెనిమిదేళ్లు ఒకే గోలు ముందు నిలబడ్డ మనిషి చనిపోతే మీలో ఎంతమందికి తెలిసింది? పేపర్లో జిల్లా పేజీలో కూడా నేను వెతికి చూశాను, లేదు. ఉన్నా మీరు ఆ పేజీ తిప్పేసేవాళ్లే. ఈ బ్లాగుకు వచ్చేవాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: సెలవురోజు నిజామాబాద్ వైపు వెళ్తే ఏం చూడాలి సార్ అని. చెబుతాను. బస్సు టైములతో, చార్జీలతో సహా చెబుతాను. ముందు ఈ కోపం కొంచెం దిగనివ్వండి. అందులో నా మీద నాకున్నది కూడా కలిసి ఉంది, దాని సంగతికి తర్వాత వస్తాను.

ఆయన పేరు పోశెట్టి. మాకు పోశన్న. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బాయిలర్ దగ్గర పిప్పి మోసే సీజన్ కూలి. చెరుకు గానుగలో నలిగి రసం పోగా మిగిలే పీచే పిప్పి, దాన్నే బాయిలర్లో మంటకు వాడేవాళ్లు. పొద్దున పిప్పి మోసిన మనిషే సాయంత్రం కార్మికుల టీముకు గోలీ, అంటే గోల్‌కీపర్. చేతులకు బాయిలర్ పనికిచ్చే మందపు గుడ్డ గ్లౌజులు, కాళ్లకు తెల్ల కాన్వాస్ బూట్లు. బోధన్ నేల రాయిలాంటిది. దాని మీద దూకితే మోచెయ్యి తోలు నేలకే అంటుకుంటుంది. అందుకని పోశన్న ప్రతి మ్యాచుకూ ముందు రోజే రెండు మూడు సంచుల పిప్పి తెచ్చి ఎండబెట్టి గోలు ముందు చేతి మందాన పరిచేవాడు. తన గోలు ముందే కాదు, అవతలి గోలు ముందు కూడా. ఎందుకన్నా వాళ్లకు, వాళ్లు ఓడిపోవాలి కదా అని ఎవరో అంటే "గా గోలీయి గూడ ఎముకలే గదరా" అన్నాడట. ఇది నేను విన్నది. ఆయన పరుస్తుండగా చూసింది మాత్రం చాలాసార్లు. మా నాన్న బోధన్‌లో బడిపంతులు, నా పదో తరగతి దాకా మా సాయంత్రాలన్నీ ఆ గ్రౌండులోనే.

పోయిన నెల హమీద్ భాయ్ ఫోన్ చేశాడు. ఆయన పోశన్న ముందు పదేళ్లు డిఫెన్స్ ఆడిన మనిషి, ఇప్పుడు బోధన్ బస్టాండు దగ్గర టైలరింగ్ షాపు. "పోశన్న పోయిండు మియా. మూడొద్దులనాడు వాగొడ్డున పిట్టకు వెడితే ముట్టలే. ఐదొద్దులనాడు ఇంటి మీద వెట్టిండ్రు, ముట్టలే. పదో దినం గోలు ముందట వెడ్తమంటుంది నర్సవ్వ. నువ్వొస్తివంటె నిజామాబాద్‌ల రసం బండ్ల కాడ రెండు సంచుల పిప్పి పట్టుకరా. బోధన్‌ల దొరుకుతలేదు" అన్నాడు.

మా వైపు పద్ధతి తెలియనివాళ్లకు చెప్పాలి. మనిషి చనిపోయాక కొన్ని రోజుల్లో ఆయనకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి కాకి కోసం ఎదురుచూస్తారు. దాన్నే పిట్టకు పెట్టడం అంటారు. కాకి ముడితే పోయినవాళ్లు తృప్తిగా ఉన్నట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు, నీ పిల్లను చూసుకుంటాం, నీ పొలం బీడు పెట్టం అని పైకి మాట ఇస్తారు. నేను ఇలాంటివి నమ్మను. నమ్మనని పాతికేళ్లుగా రాస్తున్నాను, దాని మీద చాలామందితో మాటలు కూడా పడ్డాను. కానీ హమీద్ భాయ్ ఇంకో మాట చెప్పాడు. నర్సవ్వ అంటే పోశన్న భార్య. ఆయన పోయిన రోజు నుంచి ఆమె ఒక్క పూట కూడా కడుపునిండా తినలేదు. చాయ తాగుతుంది, అరటిపండు తింటుంది, అంతే. "ఆయన తినకుంటె నేనెట్ల తింట" అంటుందట. ఆమెకు అరవై అయిదు పైన ఉంటాయి. వాదనలు ఆమె కడుపు నింపవు కదా. వస్తానన్నాను.

హైదరాబాద్ జూబ్లీ బస్టాండులో పొద్దున అయిదున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చార్జీ మూడు వందల పైచిలుకు. కాచిగూడ నుంచి రైలు కూడా ఉంది, చౌక, కానీ దాని టైము నాకు కుదరలేదు. మేడ్చల్ దాటాక కునుకు తీసి, కామారెడ్డిలో బస్సు పది నిమిషాలు ఆగితే లేచి చాయ తాగి, డిచ్‌పల్లి దగ్గర బస్సు హైవే వదిలి ఎడమకు తిరిగేసరికి తొమ్మిది. తొమ్మిదిన్నరకు నిజామాబాద్‌లో దిగాను. పసుపు సీజన్. మార్కెట్‌కు వెళ్లే ట్రాక్టర్ల వెనక గాలి మొత్తం పచ్చగా, ఘాటుగా ఉంది. మీలో చాలామంది ఆ ట్రాక్టర్ల ముందు నిలబడి ఫొటో దిగుతారు. దిగండి. ఆ సంచి మీద కూర్చున్న రైతును మాత్రం ఫొటోలోంచి కత్తిరించకండి.

బస్టాండు బయట మూడు రసం బండ్లు కనిపించాయి. చివరి బండి సావిత్రక్కది. సరిహద్దు అవతలి ధర్మాబాద్ వైపు నుంచి ఇరవై ఏళ్ల కింద వచ్చిందట. ఫోన్లో మరాఠీ, నాతో తెలుగు, అటుగా వెళ్లే ఆటోవాళ్లతో ఉర్దూ.

"అక్కా, రెండు సంచుల పిప్పి కావాలి."

"రసం వద్దా?"

"రసం కూడా ఇవ్వు."

ఆమె గ్లాసులో అల్లం, నిమ్మ పిండుతూ నన్ను కింది నుంచి మీదికి చూసింది. "బర్రెలున్నయా సారూ మీకు?"

"లేవు. ఒక గోల్‌కీపర్ కోసం."

"పిప్పి తింటడా ఆయన?"

"దాని మీద దూకేవాడు. చనిపోయాడు. ఇవాళ పదో రోజు."

చక్రం తిప్పుతున్న చెయ్యి ఆగింది. "నిన్నటిదైతె బర్రెలామె తెల్లారి పట్టుకపోయింది. పొద్దటిది ఉంది, తీస్కో" అంటూ తనే ఎరువుల సంచులు రెండు దులిపి, కాలితో అదిమి అదిమి నింపింది. ఎంత ఇవ్వమంటావని అడిగాను. "సచ్చినోళ్లకంటె పైసలు తీసుకుంటరా? రసానికి ఇయ్యి. అది నువ్వు తాగినవ్ గద" అంది. ఇరవై రూపాయలు ఇచ్చాను.

బోధన్‌కు పది పదిహేను నిమిషాలకో బస్సు ఉంటుంది. ఆర్డినరీలో యాభై లోపు చార్జీ, యాభై నిమిషాల దారి. పదింబావు బస్సు దొరికింది. సంచులు రెండూ డ్రైవర్ వెనక పెట్టి పక్కనే నిలబడ్డాను. కండక్టరమ్మ వచ్చి చెప్పు కొసతో సంచిని తట్టింది.

"ఏందన్నా గివి?"

"చెరుకు పిప్పి."

"ఏడికి?"

"బోధన్‌కు."

ఆమె టికెట్ మెషిన్ దించి నా మొహం చూసింది. "చెరుకు పిప్పి. బోధన్‌కు."

బస్సులో ముందు సీట్ల వాళ్లంతా నవ్వారు. కిటికీ పక్కన తలపాగా పెద్దాయన మాత్రం నవ్వలేదు. "జమానాల గాడికెల్లి వాసనే వస్తుండె ఊరంత. ఇప్పుడు గాడికి మోసుకపోవుడు వచ్చింది" అన్నాడు.

"లగేజీ కొట్టాలె అన్నా" అంది కండక్టరమ్మ. "చెత్తకు కూడా లగేజీనా" అన్నాను నేను, అలవాటు కొద్దీ. మీరు నన్ను ఎరుగుదురు, టికెట్ అయినా సరే వాదించకుండా కొనను. "నువ్వు ఆడమనిషివైతె జీరో టికెట్ కొడుదును. సంచులకు ఆధార్ కార్డు లేకపాయె, నేనేం జెయ్యాలె" అందామె. అప్పుడు చెప్పాను ఎందుకు తీసుకెళ్తున్నానో. తలపాగా పెద్దాయన సగం లేచాడు. "పోశన్నకా? గోలీ పోశన్నకా?" ఆయనది కోటగిరి. బండ్ల మీద చెరుకు తెచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు రోజంతా వరుసలో ఉండేవాడట. బండి వదిలేసి మ్యాచ్ చూసి వచ్చేసరికి వరుసలో తన వంతు పోయేదట. "రెండుమాట్ల పోయింది నా వంతు. రెండుమాట్ల గాయన గోలు ఆపిండు. ఫికర్ గాలే" అన్నాడు. కండక్టరమ్మ మెషిన్ మళ్లీ ఎత్తి, ఒక సంచికి మాత్రం లగేజీ కొట్టింది. "ఇంకోటి నేను సూడలే" అని వెనక్కి వెళ్లిపోయింది.

జానకంపేట, ఎడపల్లి. ఒకప్పుడు ఈ దారిలో బస్సు కిటికీలోంచి చెయ్యి చాపితే చెరుకాకు కోసుకునేది. ఇప్పుడు కాలువ నీళ్ల కింద వరి, కనుచూపు మేర వరి. వరి తప్పని నేను అనను, రైతు ఏది అమ్ముకోగలిగితే అదే వేస్తాడు. ఫ్యాక్టరీ మూతపడితే చెరుకు ఎవరికి అమ్మాలి? దీని మీద ఇరవై ముప్పై వ్యాసాలు రాశాను. ఆ దారిలో నిలబడి ప్రయాణం చేస్తుంటే అవన్నీ గుర్తొచ్చాయి. సరిగ్గా అప్పుడే నా సంచి అడుగు నుంచి రసం కారి ముందు సీటు ముసలమ్మ చెప్పులు తడిసిపోయాయి. "గీ బస్సుల జారి పడ్తె దవఖానకు నువ్వే తీస్కపోవాలె నన్ను" అందామె. ఎడపల్లి దాటేసరికి బస్సులోని ఈగలన్నీ మా ఇద్దరివే.

బోధన్ బస్టాండు నుంచి గ్రౌండుకు ఆటోకు ముప్పై అడుగుతారు, ఇరవైకి వస్తారు. కోటగిరి పెద్దాయన కూడా నాతోపాటే ఆటో ఎక్కాడు. ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక, పాత ప్రహరీ గోడను ఆనుకుని ఉంది గ్రౌండు. ఒక గోలుకు అడ్డకర్ర ఉంది, రెండోదానికి లేదు. సగం నేల మీద ఎవరెవరో చెత్త పోసి తగలబెట్టిన మచ్చలు. మిగతా సగంలో అరవై డెబ్భై మంది మనుషులు. రుద్రూర్, కోటగిరి నుంచి వచ్చినవాళ్లు, పాత కార్మికులు, నిజామాబాద్ టీముకు ఒకప్పుడు ఆడిన ఇద్దరు గోలీలు. అందరి జేబుకూ ఒక చిన్న గుడ్డ ముక్క కుట్టి ఉంది. పోశన్న పాత పచ్చ జెర్సీని హమీద్ భాయ్ కత్తిరించి ఎవరికి వాళ్లకు కుట్టాడు. నాకూ అక్కడే సూది తీసి కుడుతూ సంచుల వైపు చూశాడు. సూది ఆగింది.

"అరె మియా. పచ్చిది తెచ్చినవ్?"

"పిప్పి తెమ్మన్నావు, తెచ్చాను."

"దీని మీద దుంకితె మనిషి బెల్లం ముద్దలెక్క లేస్తడు. ఎండిన పిప్పి గద పరిచేది."

"ఎండింది తెమ్మని చెప్పలేదు కదా."

"నీళ్లు తడిగుంటయని గూడ చెప్పలే. బోధన్‌ల పెరిగినవ్, ఫ్యాక్టరీ మీద గన్ని రాసినవ్, పిప్పి ఎట్లుంటదో తెల్వదు."

అదృష్టం, రుద్రూర్ వాళ్లు ఎండిన పిప్పి ఒక సంచి తెచ్చారు. దాన్నే గోలు మధ్యలో పలచగా పరిచారు. నా రెండు సంచులూ గోల్‌పోస్టు పక్కన, అవతలగా కుమ్మరించారు. ఈగలు బస్సు దిగి నాతోనే వచ్చినట్టున్నాయి.

పన్నెండింటికి నర్సవ్వ ఆకు పెట్టింది. మోదుగాకు విస్తరిలో అన్నం, తలకాయ కూర, రెండు గారెలు, పక్కన చిన్న ముంతలో కల్లు, బీడీ కట్ట, ఒక చెరుకు గడ. ఆకుకు ఇటొకటి అటొకటి, నల్లబడిపోయిన బాయిలర్ గ్లౌజులు. ఆమె పోస్టుకు ఆనుకుని కూర్చుంది. సన్నటి మనిషి, పది రోజుల్లో ఇంకా సన్నబడ్డట్టుంది, జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి. "వండుతుంటె వాసనకు కండ్లు తిరిగినయి" అని పక్కావిడతో నవ్వుతూ చెబుతోంది. ఆ నవ్వు వినలేక నేను అవతలికి జరిగాను.

కాకి వచ్చింది. వచ్చి అడ్డకర్ర మీద కూర్చుంది. కింద అన్నం, పైన కాకి, మధ్యలో అరవై మంది ఊపిరి. అది మెడ ఇటు తిప్పింది, అటు తిప్పింది, దిగలేదు.

"ఇంతమంది చుట్టూ నిలబడితే ఎలా దిగుతుంది? దానికి భయం ఉండదా? దూరం జరగండి" అన్నాను.

"నువ్వు సైన్స్ జెప్పకు" అన్నాడు హమీద్ భాయ్. కానీ అందరూ పదడుగులు వెనక్కి జరిగారు.

మాట ఇవ్వడం మొదలైంది. పోశన్న కూతురు ముందుకొచ్చింది, ఆమె ఎడపల్లిలో అంగన్‌వాడీ టీచర్. "అమ్మను నా కాడికి తీస్కపోత బాపు" అంది. "నేను రాను" అంది నర్సవ్వ కూర్చున్నచోటు నుంచే. "రాకుంటె నేనే వస్త బాపు" అని దిద్దుకుంది కూతురు. హమీద్ భాయ్, గ్రౌండును వదిలిపెట్టబోమని, ప్రతి ఆదివారం ఆడిస్తామని చెప్పాడు. నిజామాబాద్ గోలీల్లో పొడుగాయన ముందుకొచ్చాడు. "అన్నా, నీ ఎదురుంగ మూడు మ్యాచ్‌లు ఆడిన. మూడుమాట్ల నా గోలు ముందట నువ్వే పిప్పి పరిచినవ్. మా టీమోళ్లు గూడ అట్ల సూడలే నన్ను. నా మోకాళ్లు ఇయ్యాల్టికి మంచిగున్నయి" అన్నాడు. ఆయన మాట ఏమీ ఇవ్వలేదు, థాంక్స్ చెప్పి వెనక్కి వెళ్లాడు. కాకి లేచి కరెంటు తీగ మీదికి పోయింది.

ఒంటిగంట. ఎండ నెత్తి మీదికొచ్చింది. అన్నం మీద పొర కట్టింది. నర్సవ్వ కూర్చున్నచోటే పోస్టుకు తల ఆనించి కళ్లు మూసుకుంది. కూతురు నీళ్లు ఇవ్వబోతే చేత్తో వద్దంది.

"ఇంకెవలన్న మనసుల పెట్టుకున్నోళ్లుంటె చెప్పుండ్రి" అన్నాడు హమీద్ భాయ్ అందరినీ చూస్తూ.

నేను ఆ గోడను చూస్తున్నాను. గోలు వెనకున్న ప్రహరీ గోడ. సున్నం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. ఇక్కడ నా సంగతి చెప్పాలి. నాకు పద్నాలుగేళ్లప్పుడు నిజామాబాద్‌లో ఫైనల్ జరిగింది. లారీ ఎక్కి వెళ్లాం. ఆట ఆఖర్లో అవతలి టీముకు పెనాల్టీ. పోశన్న దూకలేదు. అసలు కదలలేదు. నిలువునా నిలబడ్డాడు, బంతి ఎడమ మూల నుంచి పోయింది. లారీలో తిరిగి వస్తూ ఎవరో అన్నారు, అమ్ముడుపోయిండని. మర్నాడు నేను బడి నుంచి బొగ్గు ముక్క తెచ్చి ఈ గోడ మీద నా నిలువెత్తు అక్షరాలతో రాశాను: అమ్ముడుపోయిన గోలీ. ఎందుకు దూకలేదో ఏళ్ల తర్వాత హమీద్ భాయ్ చెబితే తెలిసింది. ఆ రోజు తెచ్చిన పిప్పి సంచులను గేటు దగ్గర చెత్త అని ఆపేశారు. నేల రాయి. పోశన్న ఎడమ భుజం అప్పటికే రెండుసార్లు జారింది. మూడోసారి జారితే ఆ సీజన్ పని పోయినట్టే, పిప్పి సంచి ఎత్తలేని చేతికి బాయిలర్ దగ్గర ఏం పని? కార్మికుడి ఒళ్లు గురించి నేను రాసిన ప్రతి వ్యాసం ఆ తర్వాతే రాశాను. మీరు మెచ్చుకున్నారు. ఒక్కసారి బోధన్ వచ్చి ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. అయిదు గంటల దారి. టైము లేదనుకున్నాను.

ముందుకు వెళ్లాను. కాకితో మాట్లాడుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోండి. "పోశన్నా, ఆ గోడ మీద రాసింది నేను. నాది తప్పు" అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. రాయడానికైతే మూడు పేజీలు వచ్చేవి. అక్కడ చెప్పింది అంతే.

నర్సవ్వ కళ్లు తెరిచింది.

"గది నువ్వేనా?"

"నేనే అవ్వా."

"పంతులు కొడుకువు."

"అవును."

ఆమె గోడ వైపు తిరిగింది. "గ్రౌండుల గీతలకు తెచ్చిన సున్నం మిగిల్తె ఆయనే పూసిండు గోడకు. నేను తిట్టిన, ఎవడో సూడు, పట్టుకొని అడుగు అని. అడగలే. ఎవలో మస్తు బాధవడ్డడు నర్సీ, లేకుంటె గంత పెద్దగ రాయడు అన్నడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మల్ల ఆదివారం గదే గోడ ముందట నిలవడి ఆడిండు."

అప్పుడే వెనక ఎవరో మెల్లగా "కాకి" అన్నారు.

తీగ మీద నుంచి దిగింది. ఆకు వైపు కాదు. గోల్‌పోస్టు పక్కన నా పచ్చి పిప్పి కుప్ప మీద. ముక్కుతో ఒక పీచు పట్టి లాగింది, తల విదిలించి ఇంకొకటి లాగింది. ఇంకో కాకి వచ్చింది. రెండూ కలిసి ఈగల మధ్య ఆ కుప్పను కెలికాయి. ఆకు దగ్గరికి మాత్రం పోలేదు.

"ముట్టింది" అన్నాడు కోటగిరి పెద్దాయన.

"ఎట్ల ముట్టింది? అన్నం ముట్టలే గద. పిప్పి లెక్కకు రాదు" అన్నాడు హమీద్ భాయ్. గ్రౌండంతా రెండు ముక్కలైంది. ఆకులో పెట్టిందే లెక్క అని కొందరు, అక్కడ పెట్టిందంతా ఆయన పేరు మీదనే కదా అని కొందరు. ఆఫ్‌సైడ్ కోసం కొట్లాడుకున్న మనుషులే, ఆ గొంతులే. పొడుగు గోలీ అయితే చేతులు చాపి గీత ఎక్కడిదాకా వస్తుందో చూపిస్తున్నాడు. పోస్టుకు బయట ఉన్న కుప్ప గోలు కిందికి వస్తుందా రాదా అని.

నర్సవ్వ పోస్టు పట్టుకుని లేచింది. "ఆయన ఆకు మీద దుంకలే. దాని మీద దుంకిండు" అంది. "ముట్టింది. ఆకలైతుంది నాకు."

అంతే, వాదన అయిపోయింది. కూతురు పరుగున వెళ్లి గిన్నె తెచ్చింది. నర్సవ్వ చేతులు కడుక్కుని, గోలు పక్కనే కూర్చుని, అన్నంలో కూర కలుపుకుని తిన్నది. మొదటి ముద్ద నమలడానికి చాలాసేపు పట్టింది. రెండోసారి తనే అడిగి వడ్డించుకుంది. అరవై మందిమి అటు చూడనట్టు నటిస్తూ చూశాం. తర్వాత మేమూ తిన్నాం, అదే తలకాయ కూర. కారం ఎక్కువ, ఉప్పు తక్కువ. బోధన్‌లో నేను ఇన్నేళ్లలో తిన్న భోజనాల్లో దీనికి సాటి లేదు.

"తడి పిప్పిలో తీపి ఉంటుంది. దానికే వచ్చింది కాకి" అన్నాను హమీద్ భాయ్‌తో, చేతులు కడుక్కుంటూ. ఆ ఒక్క మాట అనకుండా ఉండలేకపోయాను. "నేను కాదన్ననా?" అన్నాడు. "తెచ్చినోనివి నువ్వే గద."

తిన్నాక ఆకు తీసేసి, పెద్దవాళ్లందరూ ఒక్కొక్క పెనాల్టీ కొట్టారు, ఖాళీ గోలులోకి. ఎవరూ చెప్పలేదు కానీ అందరూ మధ్యలోకే కొట్టారు, ఆయన నిలబడేచోటుకే. బంతి పిప్పి మీద మెత్తగా ఆగేది. నేనూ మధ్యలోకే గురిపెట్టాను. నాది పోయి గోడకు తగిలింది.

మూడున్నర బస్సుకు తిరుగుముఖం పట్టాను. నాకు కోపం రాని రోజు ఉండదని మీకు తెలుసు, ఆ రోజూ వచ్చింది, చెత్త మచ్చల మీద, అడ్డకర్ర లేని గోలు మీద, మన పేపర్ల మీద. కానీ బస్సు ఎడపల్లి దాటుతుంటే వేలితో జేబు మీది పచ్చ గుడ్డ ముక్కను తడుముతూ కూర్చున్నాను. ఎదుటి టీము గోలీ ఎముకల గురించి ఆలోచించిన మనిషి ఆటను, ఎండల్లో నేల మీద కూర్చుని పద్నాలుగేళ్లకే చూశాను నేను. ఆ తర్వాత నేను చదివిన చదువు, పట్టుకు తిరిగిన సిద్ధాంతం, ఆయన రెండో గోలు ముందు పరిచిన పిప్పిని దాటి ఎంత దూరం వెళ్లాయో నాకు తెలియదు. ఆయన నా అక్షరాల మీద సున్నం పూశాడు, నా పేరు అడగలేదు. దానికి రుణపడి ఉన్నానని ఆయన గ్రౌండులో నిలబడి చెప్పే అవకాశం దొరికింది. నర్సవ్వ తిన్నది. ఇంతకంటే ఒక ప్రయాణం నుంచి నేను ఆశించేది లేదు.

మీరు వెళ్లేట్టయితే ఒక్క సలహా. ఆదివారం వెళ్లండి, నాలుగింటికి ఆట మొదలవుతుంది. నిజామాబాద్ బస్టాండు ముందు చివరి రసం బండి దగ్గర ముందు రోజే చెప్పి పెడితే ఎండిన పిప్పి దొరుకుతుంది. లగేజీ టికెట్ తీసుకోండి, వాదించకండి. ఎండింది ఒక సంచి నిండా, పచ్చిది ఒక గుప్పెడు.

ఇక నా డిమాండ్లు. మీకూ, అధికారులకూ, నాకూ కలిపి.

ఆ గ్రౌండులో చెత్త పోయడం ఆపండి.

రెండో గోలుకు అడ్డకర్ర పెట్టండి.

ఏ గేటు దగ్గరా పిప్పి సంచులు ఆపకండి. రెండు గోలుల ముందూ పరచండి.

గ్రౌండుకు పోశెట్టి పేరు పెట్టండి. ఏ నాయకుడి పేరూ వద్దు.

కూలి చేసుకునే ఆటగాడికి దెబ్బ తగిలితే, మానేదాకా అతని కూలి ఇప్పించండి. లేదంటే దూకమని అరవకండి.

మీ ఊరి గోల్‌కీపర్ పేరు తెలుసుకోండి.

ఎవరి గోడ మీదైనా ఏదైనా రాసి ఉంటే, ఆ మనిషి బతికుండగానే బస్సెక్కండి.